రేకుల షెడ్డుకు అస్తరు

ఇరవై రెండేళ్లుగా ఆ ఇంట్లో కుట్టుమిషను ముందుగదిలోనే ఉండేది. ఎవరొచ్చినా గుడ్డపీలికలు దాటుకుని రావాలి. అన్నానికి కూర్చుంటే కంచంలో దారప్పోగులు. టైలరమ్మ భర్త బస్సు డ్రైవరు, నెమ్మదైన మనిషి, ఏనాడూ పల్లెత్తు మాట అనలేదు. కానీ ఒకరోజు డ్యూటీకి బయల్దేరుతుంటే ఆయన పాదంలో గుండుసూది దిగబడింది. ఆ పూటే ఆమె పెరట్లోని రేకుల షెడ్డు తాళం తీసింది.

"ఇందులో కూర్చుంటావా? ఎండొస్తే పెనం, వానొస్తే జల్లెడ!" అన్నాడు భర్త.

వడ్రంగి పని చేసే ఆమె అన్నయ్య వచ్చి చూసి పెదవి విరిచాడు. "ఇది సామాన్లు పడేసుకునే కొట్టమ్మా. మనిషి ఉండే గది జన్మలో కాదు."

"సరేలే. నీ డ్రిల్లు మిషను మాత్రం ఇచ్చి వెళ్లు," అందామె.

మిట్టమధ్యాహ్నం లోపల నిలబడి తలుపు మూసుకుంది. వెలుతురు దూరిన చోటల్లా సుద్దతో గీత పెట్టింది. మొత్తం నలభై ఒక్క కన్నాలు! ఒక్కొక్కటీ తుడిచి, ఆరనిచ్చి, సీలెంటు దట్టించింది. తలుపు అంచుకు రబ్బరు పట్టీ బిగించింది. రేకులకు ఆనించి థర్మాకోల్ పలకలు అంటించి, వాటిమీద ప్లైవుడ్ కొట్టింది. చూడముచ్చటగా కుదిరింది.

మూడు వారాలకు ముక్కిపోయిన వాసన మొదలైంది. పలక ఊడదీస్తే వెనక రేకంతా చెమట, నల్లటి బూజు.

"చేసినంత చేశావు. ఇక వదిలెయ్యవే," అన్నాడు భర్త జాలిగా.

ఆమె బోర్లించిన బకెట్టు మీద కూర్చుండిపోయింది. చేతిలో టీ చల్లారిపోయింది. ఉన్నట్టుండి లేచింది.

"తప్పు నాదేనండీ! కోటుకు అస్తరు వేసేటప్పుడు పైగుడ్డకు అతికించేస్తామా? కాస్త వదులిస్తాం కదా!"

అంతా పీకేసింది. ఈసారి ముందు చెక్క బద్దలు కొట్టి, రేకుకూ పలకకూ మధ్య రెండు వేళ్ల సందు వదిలింది. ఆ సందులో గాలి ఆడేలా పైనా కిందా జాలీలు పెట్టింది. గదిలోని తేమ ఆ సందులోకి పోకుండా ప్లైవుడ్ వెనక ప్లాస్టిక్ షీటు పరిచి, అతుకులన్నిటికీ టేపు వేసింది. భుజాలు పట్టేశాయి, గోళ్లు విరిగాయి. ఆమె మాత్రం తగ్గలేదు.

తర్వాత రెండు రోజులు ఏకధాటిగా గాలివాన. ఆమె షెడ్డులోనే కూర్చుని నర్సుల తెల్లకోట్లు కుట్టింది. ఒక్కదానిమీదా మరక పడలేదు. అన్నయ్య తడుస్తూ వచ్చి మూలమూలా అరచేత్తో తడిమాడు, వంగి వాసన చూశాడు. ఎక్కడా తడి తగల్లేదు. కాసేపు తల గోక్కున్నాడు.

"నా వర్క్‌షాపు కూడా మొన్నటి ఈ షెడ్డులాగే ఏడుస్తోందమ్మా. ఎప్పుడొచ్చి చూస్తావు?"

మరుసటి ఆదివారం ఆమె అక్కడ నిచ్చెన మీద ఉంది. కింద అన్నయ్య నిచ్చెన పట్టుకున్నాడు. అటుగా వచ్చిన ఒక కస్టమరు తలెత్తి చూసి, "ఎవరండీ ఈవిడ?" అనడిగాడు.

"మా చెల్లెలు," అన్నాడు అన్నయ్య. "ఈ పనిలో ఆవిడ మేస్త్రి, నేను కూలి!"

ఆమె ఆ మాట విన్నది. నవ్వు ఆపుకుని, "బద్ద అందించు," అంది.