పంచమం మీద ఆగడం

కబ్బన్‌పేట అంజినప్ప వారమంతా మగ్గం నేసేవాడు. పెళ్లిళ్ల కాలం వస్తే బ్యాండుకు ముందు నిలబడి క్లారినెట్ ఊదేవాడు. ఊరేగింపు వస్తుంటే జనం మొదట అతన్నే చూసేవారు.

1944లో ఆ చూపులన్నీ అతని బావమరిది చిక్కమునియప్ప వైపు తిరిగాయి. దండులో సిపాయిల బ్యాండులో కార్నెట్ బాకా ఊది వచ్చి, అంజినప్ప బ్యాండులో చేరినవాడతను. ఒక పెళ్లిలో పాట మధ్యలో ఉన్నట్టుండి శృతి పైకి మార్చాడు. పాట అదే, అయినా అరుగుల మీదివాళ్లు లేచి నిలబడ్డారు. పెళ్లికొడుకు తండ్రి తన శాలువా తీసి అతనికి కప్పాడు. అంజినప్పకు ఒళ్లు మండింది.

"అదెట్ల చేస్తాడో వాణ్ణే అడగరాదా? నా తమ్ముడే కదప్పా" అంది భార్య వెంకటలక్ష్మి.

"వానికి ఊదేది నేర్పించిందే నేను. ఇప్పుడు వాని ముందర చేతులు కట్టుకోని నిలబడల్లా?"

అడగలేదు. ఇంట్లో ఒంటరిగా ప్రయత్నించాడు. ఒక శృతి నుంచి ఇంకో శృతికి దూకినట్టుండేదే తప్ప నడిచినట్టుండేది కాదు.

తర్వాత యలహంకలో పెళ్లి. శృతి మార్చబోతూ చిక్కమునియప్ప కళ్లతో సైగ చేశాడు. అంజినప్ప చూశాడు. చూసి కూడా పాత శృతిలోనే గట్టిగా ఊదాడు. రెండూ కొట్టుకుని అపస్వరమైంది.

"దండులో నేర్చింది ఇదేనా?" అని ఎవరో అరిచారు. జనం నవ్వారు.

తప్పెవరిదో ఇద్దరికే తెలుసు. మర్నాడే చిక్కమునియప్ప బ్యాండు మానేసి అత్తిబెలె వెళ్లిపోయాడు.

అంజినప్ప సంతోషం వారం కూడా నిలవలేదు. అత్తిబెలెలో బావమరిది కొత్త బ్యాండు పెట్టాడనీ, జనం తెగ మెచ్చుకుంటున్నారనీ కబురు వచ్చిన ప్రతిసారీ అన్నం సహించేది కాదు. రెండేళ్లు అలాగే గడిపి, చివరికి క్లారినెట్ తీసుకుని అత్తిబెలె బస్సెక్కాడు.

"ఆ పొద్దు తప్పు నాది. తెలిసే చేసినాను" అన్నాడు గడపలోనే.

"నాకు తెల్సు బావా."

చిక్కమునియప్ప చాప పరిచాడు. అంజినప్ప కూర్చుని, శృతి ఎట్ల మార్చాలో అడిగాడు.

"ఊదుతా ఊదుతా పంచమం మీద ఆగు. వినేటోళ్లకి అది పంచమమే. నువ్వు మాత్రం మనసులో దాన్నే షడ్జమం చేసుకో. కొంచెంసేపు అట్లే ఉండు. ఆమీట కొత్త శృతిలోకి నడువు."

మూడోసారికి శృతి మెత్తగా మారింది.

"ఇంతేనా?"

"ఇంతే. అడిగింటే ఆ దినమే చెప్పుంటిని."

ఆ ఏడాదే ఇద్దరూ మళ్లీ కలిసి వాయించారు. చప్పట్లు ఎక్కువగా బావమరిదికే పడేవి. అప్పుడల్లా అంజినప్పకు మళ్లీ ఒళ్లు మండేది. తెల్లారి లేచి ఇంకో గంట ఎక్కువ సాధన చేసేవాడు.