చిలకలు తోలిన పద్యం

మీసం మొలిచిన ప్రతివాడూ కవి అయిన కాలం అది. ఆ రోజుల్లో మా మైదానపు ఊళ్లలో ఒక పద్యం రాసినవాడికి వినే మనుషులు సులువుగానే దొరికేవారు, వాళ్ల పద్యాలు మనమూ వినాలన్న షరతు మీద. నాకూ అలాంటి బృందం ఒకటి ఉండేది. పరీక్ష తప్పడంలో కూడా మేమందరం ఒకరికొకరం తోడుగా నిలిచాం. తరవాత వాళ్లంతా కొట్లలోనూ కచేరీల్లోనూ కుదురుకుంటే, నాకు అరకు కొండల్లో బడిపంతులు పని దొరికింది. “అక్కడ జ్వరాలేరా అబ్బాయ్” అన్నాడు మా మేనమామ. “ప్రకృతి, మావయ్యా” అన్నాను నేను. మేమిద్దరం అన్నదీ నిజమే అయింది. మావయ్యది కాస్త ముందుగా అయింది.

నా ట్రంకు పెట్టె మోసే మనిషి వెనకాల రొప్పుకుంటూ అనంతగిరి మీదుగా ఎక్కాను. బడి అంటే గుట్ట మీద మట్టిగోడల పాక, దానికి ఆనుకుని నా గది. ఊరు కింద, వాలు మొదట్లో. పొద్దు వాలక ముందే పిల్లలు దిగిపోయేవారు. ఆ తరవాత మంచు ఎక్కివచ్చేది. ఇక అక్కడ మిగిలేది అదీ నేనూ. ఊళ్లోవాళ్లు తమలో తాము మాట్లాడుకునే భాష నాకు రాదు. నాకోసం వాళ్లు మాట్లాడే తెలుగు, నేను చెప్పదలచిన గంభీరమైన సంగతులకు చాలదని నా అభిప్రాయం (ఆ సంగతులేమిటో ఇప్పుడు ఒక్కటీ గుర్తు రావడం లేదు). హుకుంపేట సంతకు వెళ్లినవాళ్లు ఎప్పుడైనా ఒక ఉత్తరం తెచ్చేవారు. విప్పితే అందులో మా బృందంవాడి పద్యాలు ఉండేవి, నేనెలా ఉన్నానన్న మాట ఉండేది కాదు. మాట్లాడడానికి మనిషి లేక, గొంతు ఇంకా పనిచేస్తోందో లేదో చూసుకోవడానికి సాయంత్రాలు అరుగు మీద నిలబడి లోయలోకి పద్యాలు చదివేవాణ్ని. అలా పుట్టిందే ఈ ఆటవెలది:

కొండ కోనలందు కూర్చుంటి నొంటిగా
పలుకరించునట్టి ప్రాణి లేదు
చిలుకలార మీరు చెంతకు రారండి
మనసు విప్పి మీకు మాట చెప్ప

విన్నవారికి కన్నీళ్లు ఆగవని నా నమ్మకం. రాసినప్పుడు నాకు ఆగలేదు. కానీ వినేవారేరీ? ఉన్నది పిల్లలు. సరే, వాళ్లకే నేర్పాను. అర్థం చెబుతుంటే ఆవులించేవారు, రాగం ఎత్తితే లేచి కూర్చునేవారు. ముఖ్యంగా ‘రారండి’ దగ్గర నేను తీసే సాగదీత వాళ్లకు మహా ఇష్టం. అందరిలోకి పెద్ద గొంతు ఊరి పెద్దాయన మనవరాలిది. ఎప్పుడూ మెడలో గవ్వల దండ ఉండేది కనక ఆమెను గవ్వల గుంట అనేవాణ్ని (అక్కడ గుంట అంటే చిన్నపిల్ల). “ఇంకా లాగండి మేస్టారూ, ఊపిరి ఉన్నాది గదా!” అనేది. దాన్ని నేను రసజ్ఞత అనుకున్నాను.

జొన్న కంకి గట్టిపడేసరికి బడి ఖాళీ అయిపోయింది. పిల్లలంతా చేలల్లో మంచెలెక్కారు. నాలుగు గుంజల మీద కట్టిన ఆ మంచె మీద ఒక్కొక్కరే కూర్చుని, పొద్దుటినుంచి పొద్దు వాలేదాకా పిట్టలు తోలడం అక్కడి పని. నేను నల్లబల్లకు పాఠం చెప్పుకుంటూ ఉండిపోయాను. అలాంటి ఒక ఉదయం, ఎదురు వాలు మీదనుంచి నా పద్యం వినిపించింది. ఒక గొంతు ముగించగానే ఇంకో మంచె మీదినుంచి ఇంకో గొంతు అందుకుంది. కొండ మొత్తం నా కవిత్వం చదువుతోంది! నేను చెప్పులు కూడా వేసుకోకుండా దిగాను.

గవ్వల గుంట మంచె మీద నిలబడి ఉంది. “చిలుకలార మీరు చెంతకు రారండీ...” అని ఎత్తింది. చేలో వాలిన చిలకల గుంపంతా, పచ్చ దుప్పటి దులిపినట్టు ఒక్కసారిగా లేచి అవతలి కొండకు పోయింది.

“సూసినారా మేస్టారూ! మా తాత డబ్బా వాయిత్తే ఇక్కడ లేసి అక్కడ వాల్తాయి. మీ పద్యానికైతే ఆ కొండకెల్లిపోతన్నాయి!”

“అది చిలకలను రమ్మని పిలిచే పద్యం!” అన్నాను.

“రమ్మనా?” ఆ పిల్ల చిలకలు పోయిన కొండ వైపు చూసింది. “మరెందుకు పారిపోతన్నాయి?”

“నువ్వు అరుస్తున్నావు కనక.”

“మీరు నేర్పినట్టే గదా లాగుతన్నాను!”

పక్క మంచె మీదినుంచి ఒక గుంటడు కలగజేసుకున్నాడు. “మేస్టారూ, అడివిపందులకి కూడా ఒకటి కట్టండి. పందులకి ఇది సాలడం నేదు.”

వెనుదిరిగి గుట్ట ఎక్కేశాను. ఒక్క ప్రాణి అయినా నా పద్యం విని బదులు పలికితే ఈ చలిలో ఉండిపోవచ్చుననుకున్నాను. పలికేది లేదని తేలిపోయింది. మర్నాడంతా ట్రంకు పెట్టె సర్దాను. తెల్లవారగానే దిగిపోవాలి. ఆ సాయంత్రం అరుగు మీదికి కూడా రాలేదు. పొద్దు వాలింది. బయట పద్యం మంచె నుంచి మంచెకు నడిచి, నడిచి, గుట్ట కింది మంచె దగ్గర ఆగింది. కాసేపు నిశ్శబ్దం. మళ్లీ చదివారు. మళ్లీ నిశ్శబ్దం. ఈసారి గట్టిగా, కొంచెం కంగారుగా చదివారు. ‘అరవండి, అరవండి’ అనుకుంటూ పంచె మడత పెట్టాను.

ఇంతలో కుక్కల మొరుగుడు, పరుగుల చప్పుడు. తలుపు తోసుకుని పెద్దాయన గొడ్డలితో వచ్చాడు. వెనకాల ఊరి మగవాళ్లంతా బల్లేలతో, వాళ్ల మధ్యలోంచి దూరుకుంటూ గవ్వల గుంట.

“మేస్టారూ! ఉన్నారా?”

“ఉన్నాను” అన్నాను, మడిచిన పంచె గుండెకు హత్తుకుని.

“మరి పలకలేదేటి బాబూ? ఎలుగొచ్చీసిందనుకున్నాం!”

“ఎందుకు పలకాలి?”

పెద్దాయన నన్ను జాలిగా చూశాడు. “పొద్దు వాలితే ఒక మంచె ఇంకో మంచెని పిలుత్తాది. అందరూ పలికినాకే దిగుతాం. పలకని మంచెకాడికి అందరం పరిగెత్తాల. ఆకర్న పలికీది మీ మంచె.”

“నాది మంచె కాదండీ, బడి.”

“గుట్ట మీదున్నాది. మనిసి ఒక్కడే ఉన్నాడు. సాయంకాలం కేకేత్తాడు. మంచె కాకపోతే ఏటది?”

గవ్వల గుంట చూపు పెట్టె మీద పడింది. “ఏటి, పెట్టి సర్దీసినారు?” బట్టలు ఎండబెట్టడానికి అన్నాను (అప్పటికి ఎండ పోయి చాలాసేపయింది). గొంతునొప్పి వల్ల పలకలేదని కూడా కలిపాను. ఆ రెండో అబద్ధానికి శిక్ష వెంటనే పడింది. నా పొయ్యి మీదే పిప్పళ్ల కషాయం కాచి, అడుగు కనిపించేదాకా తాగించారు.

“ఇప్పుడు పలకండి. బేగి!” అంది గవ్వల గుంట.

కళ్లలో నీళ్లతో అరుగు మీదికి వచ్చాను. ఆ నీళ్లు కషాయానివే అనుకుందాం. ‘పలుకరించునట్టి ప్రాణి లేదు’ అన్న పాదం దగ్గరకు వచ్చేసరికి చుట్టూ చూశాను. ఊరు ఊరంతా బల్లేలతో, కుక్కలతో, రొప్పుతూ నిలబడి వింటోంది. ఆ పాదం గొణిగేశాను. అర్థం అడక్కుండా ఉంటే బాగుండునని దణ్ణం పెట్టుకుని ఎలాగో ముగించాను. ముగించగానే, దూరంగా చీకటి పడుతున్న వాలు మీదినుంచి ఒక వణికే ముసలి గొంతు, సగం మాటలు మింగేస్తూ, “రారండీ...” అని బదులిచ్చింది.

“మా ముసిలమ్మ” అంది గవ్వల గుంట. “పరిగెత్తలేదు గదా. మీరు పలికీదాకా దిగనని సలిలో అక్కడే కూకుంది.”

మర్నాడు పెట్టె విప్పి బట్టలు నిజంగానే ఎండబెట్టాను. అడవిపందుల మీద పద్యం కూడా రాశాను. జంతువు పెద్దది కనక పొడుగాటి సీసపద్యంలో రాశాను. అది పనిచేయలేదు. ఆ తరవాత చాలా పంటలు చూసి గాని నేను కొండ దిగలేదు.

దిగాక పత్రికల్లో చేరాను. చోటు చాలనప్పుడల్లా కుర్రకవుల పద్యాలు తీసేయడం నా ఉద్యోగంలో ఒక భాగమైంది. ఇప్పుడు ఆ పనీ లేదు. పట్నంలో ఒక మేడ మీది గదిలో ఉంటున్నాను. కింది వాటాలవాళ్లు ఎదురుపడితే నమస్కారం పెడతారు. పొద్దు వాలే వేళ డాబా మీద నిలబడి, ఎవరూ చూడడం లేదని రూఢి చేసుకుని, అప్పుడప్పుడు ఆ పద్యం ఎత్తుతాను. ‘రారండి’ దగ్గర ఊపిరి మునుపటంత అందదు. అయినా పక్క మేడ పిట్టగోడ మీది కాకులు ఒక్కసారిగా లేచిపోతాయి. గవ్వల గుంట చూస్తే మెచ్చుకునేది గదా అని నవ్వుకుంటాను. ఆ నవ్వు అయ్యాక కూడా వెంటనే లోపలికి వెళ్లను. బదులు వస్తుందని, బదులు పలకని చోటికి మనుషులే వస్తారని అలవాటైన చెవులు కదా. కాసేపు మెట్ల వైపు చూసి, అప్పుడు తలుపు వేసుకుంటాను.