మెటడారులో సైకిళ్ళు, లంగా మీద గ్రీజు

నా చిన్నప్పుడు జరిగిన ఈ సంగతిని కాగితం మీద పెట్టాలని చాలా ఏళ్ళుగా అనుకుంటూనే వెనక్కి తగ్గుతూ వచ్చాను. నేను కాలేజీ మెట్లెక్కలేదు. పదో తరగతి తర్వాత నాకు అబ్బిన చదువంతా నూజివీడు గ్రంథాలయం పెట్టిన భిక్ష. కథలు, చరిత్రలు, వైద్యం పుస్తకాలు, ఏ బీరువానూ వదిలిపెట్టలేదు. ఆ మాట చెప్పుకోవడానికి నాకు గర్వమే. కానీ ఒక ఆడపిల్ల నలుగురి మధ్య సిగ్గుతో కుంచించుకుపోయినప్పుడు పక్కనున్నవాళ్ళు ఏం చేయాలో ఏ పుస్తకంలోనూ నాకు కనపడలేదు. అందుకే, రాయడానికి మొహమాటంగా ఉన్నా, రాస్తున్నాను.

మాది గుడి సేవ చేసుకునే ఇల్లు. మా తాతయ్య అర్చకులు. పంచాంగం చూసి ముహూర్తాలు కూడా పెట్టేవారు. పక్కింటి అక్క కుట్టుపని నేర్పడానికి రోజూ సైకిల్ మీద ముసునూరు వెళ్ళొచ్చేది. మా వీధి ఆడపిల్లలకు సైకిల్ నేర్పింది ఆమే. నాకూ నేర్పుతానని వచ్చి అడిగినప్పుడు తాతయ్య కాసేపు ఆలోచించి, "పెద్దమనిషి అయ్యేదాకా తొక్కనీ. ఆ తర్వాత మాత్రం వీల్లేదమ్మా" అన్నారు. అదెప్పుడో రాబోయే సంగతిలే అనుకుని నేను తలూపాను.

ఎనిమిదో తరగతిలో ఉండగా మైలవరంలో బడిపిల్లలకు ఆటల పోటీలు పెట్టారు. ఆడపిల్లలకు స్లో సైకిల్ రేసు ఉంది. అందరికంటే ఆలస్యంగా గీత దాటినవాళ్ళదే గెలుపు. మధ్యలో కాలు నేలకు తగిలితే పందెం పోయినట్టే. సైకిల్‌ని దాదాపు నిలబెట్టేసినట్టు తొక్కడంలో మా బడిలో నన్ను మించినవాళ్ళు లేరు. ఆ పందెం మీద నేను పెట్టుకున్న ఆశ ఇంతా అంతా కాదు.

మామిడికాయల సీజను కాదు కాబట్టి ఒక వ్యాపారి గారు తమ మెటడారు ఇచ్చారు. వెనక భాగం తెరిచి ఉండే చిన్న లారీ అది. కాయల కింద పరిచిన వరిగడ్డి ఇంకా చెక్కల సందుల్లో ఇరుక్కునే ఉంది. సైకిళ్ళను ఒకటి అటు ముఖంగా, ఒకటి ఇటు ముఖంగా, హేండిళ్ళు పక్కకు తిప్పి, మధ్యమధ్య గోనె పట్టాలు పెట్టి కొబ్బరితాడుతో కట్టారు. మిగిలిన కాస్త చోటులో మేం ఆడపిల్లలం, మాకు తోడుగా పక్కింటి అక్క కూర్చున్నాం. డ్రిల్లు మాస్టారు ముందు డ్రైవరు పక్కన ఎక్కారు. దారంతా గతుకులే. బండి ఊగినప్పుడల్లా పెడళ్ళు మోకాళ్ళకు కొట్టుకునేవి. పొద్దుటినుంచీ నా కడుపులో ఏదో మెలిపెడుతున్నట్టు ఉంది. పందెం భయం అనుకున్నాను.

మైలవరం కొంత దూరం ఉందనగా తాళ్ళు వదులయ్యాయేమో చూద్దామని డ్రైవరు బండి ఆపాడు. నేను లేచి నిలబడ్డాను. అక్క చటుక్కున నా చేయి పట్టి కిందికి లాగింది.

"కూర్చో. కదలకు."

పెడల్ గీరుకుందేమో అనుకున్నాను. అక్క నా చెవిలో రెండు మాటలు చెప్పింది. నాకు ముందు అమ్మ గుర్తుకు రాలేదు. తాతయ్య పెట్టిన షరతు గుర్తొచ్చింది. మా బడి లేత నీలం లంగా మీద ఎర్రటి మరకతో నేను ఆ మైదానంలో ఎలా దిగాలి? మాస్టారికి తెలిస్తే అటునుంచి అటే ఇంటికి పంపేస్తారు. సైకిల్ ముట్టుకోవడం ఇక జన్మలో ఉండదు.

"తాతయ్య ఒప్పుకోరక్కా" అన్నాను, ఏడుపు ఆపుకుంటూ.

"తాతయ్య నూజివీడులో ఉన్నారుగా. సాయంత్రం చెబుదాంలే."

అక్క ఇద్దరు పిల్లల్ని పిలిచి గోనె పట్టా ఎత్తి అడ్డంగా పట్టుకోమంది. వాళ్ళు ఎందుకని అడగకుండా మొహాలు అటు తిప్పుకుని పట్టుకున్నారు. అక్క తన సంచిలోంచి పాత నూలుగుడ్డ తీసి నాకిచ్చి ఎలా కట్టుకోవాలో చెప్పింది. తర్వాత దగ్గరున్న సైకిల్ చైనులో వేళ్ళు పెట్టి, నల్లటి గ్రీజు తీసి, నా లంగా వెనక మరక మీద చేతివెడల్పున పులిమేసింది. నేను నోరు తెరిచేలోగా అదే చేతిని తన పసుపు ఓణీకీ, లంగాకూ బరబరా రుద్దుకుంది.

"అయ్యో, నీదెందుకే అక్కా?"

"ఒక్కదానికే అయితే ఆరా తీస్తారే. ఇద్దరికీ అయితే నవ్వి ఊరుకుంటారు."

అన్నట్టే అయింది. మైలవరంలో దిగగానే డ్రిల్లు మాస్టారు మమ్మల్ని ఎగాదిగా చూసి, "ఏమ్మా, చైను మీరు బాగుచేశారా, చైనే మిమ్మల్ని బాగుచేసిందా?" అన్నారు. అందరూ నవ్వారు. అందరికంటే గట్టిగా అక్క నవ్వింది.

పందెం మొదలైంది. సగం దూరం వరకూ నేనే వెనక ఉన్నాను. ఆ వెనక ఉండటమే నా కొంప ముంచింది. నా వెనక ఉన్న జనమంతా నా లంగానే చూస్తున్నారనిపించింది. గ్రీజు కిందనుంచి ఇంకేమైనా కనపడుతోందేమో అని ఒక్కసారి తల తిప్పాను. సైకిల్ ఒరిగింది, కాలు నేలకు ఆనింది. ఈల ఊదారు.

అక్క నన్ను పక్కకు తీసుకెళ్ళింది. "ఓడిపోయావని కాదే నా కోపం. వెనకాల ఉన్నది చూసేవాళ్ళ గొడవ. నీ చేతిలో ఉన్నది హేండిలు" అంది. ఆ మాట అప్పుడు తలకెక్కలేదు. భూమి చీలి నన్ను మింగేస్తే బాగుండుననిపించింది.

సాయంత్రం అక్క మా ఇంటికి వచ్చి అమ్మను పెరట్లోకి పిలిచింది. కబురు వసారాలో ఉన్న తాతయ్యకు చేరింది. మా ఇళ్ళలో అలాంటి వేళను బట్టి లగ్నం కట్టి, మంచిదో కాదో చూస్తారు. ఘడియ చెడ్డదైతే శాంతి చేయిస్తారు. తాతయ్య పంచాంగం తెప్పించి ఎన్నింటికని అడిగారు.

"ఇప్పుడేనండీ, ఊళ్ళోకి వస్తుంటే" అంది అక్క, కళ్ళైనా ఆర్పకుండా. పొద్దున అంటే, ఆ తర్వాత కూడా నేను సైకిల్ తొక్కానని తేలిపోయేది.

తాతయ్య లెక్క కట్టి, "మంచి ఘడియే" అని తృప్తిగా పంచాంగం మూశారు.

తర్వాత నన్ను మూలగదిలో చాప మీద కూర్చోబెట్టారు. పేరంటాళ్ళు వచ్చి పాటలు పాడారు. నువ్వులు, బెల్లం కలిపి దంచిన చిమ్మిలి ముద్దలు పెట్టారు. ఇంత దాచుకున్న సంగతి ఇప్పుడు వీధి వీధికీ పిలిచి చెబుతుంటే నేను తలెత్తలేకపోయాను. తాతయ్య మాట తాతయ్యదే. నేను మళ్ళీ సైకిల్ ఎక్కలేదు.

మా ఇంట్లో అలాంటి బట్టలు చాకలామెకు వేసేవాళ్ళు. మర్నాడు పొద్దున్నే కిటికీలోంచి చూస్తే, అమ్మ ఎవరూ లేవకముందే బావి దగ్గర కూర్చుని ఆ లంగాను తనే కిరసనాయిలు పోసి రుద్దుతోంది. గ్రీజు వదిలాక కింద ఏముందో, అది సాయంత్రపు మరకో, పొద్దుటి మరకో ఆమెకు తెలియకుండా ఉండదు. ఉతికి, ఆరేసి, తలస్నానం చేసి ఇంట్లోకి వచ్చింది. ఆ సంగతి తాతయ్య చెవిన వేయలేదు. ఆ రోజు మధ్యాహ్నం పక్కింటి అక్కకు గిన్నెనిండా చిమ్మిలి పంపింది.

గోనె పట్టా పట్టుకుని మొహం తిప్పుకున్న ఆ ఇద్దరు పిల్లలకూ, పక్కింటి అక్కకూ, అమ్మకూ అప్పుడు ఒక్క మంచిమాటైనా చెప్పలేదు. ఈ నాలుగు పేజీలే ఆ మాట అనుకుంటాను. ఎక్కడైనా పదిమందిలో ఎవరైనా తలదించుకుని నిలబడితే, నేను ఏమైందని అడగను. వెళ్ళి వాళ్ళ పక్కన నిలబడతాను.