చేయి జారిన పిల్లలు దేవుళ్ళయిన చోటు

పోయిన ఏడాది ఆరో నెలలో మా పాప కడుపులోనే పోయింది. అంతకు ముందు వారం తను ఆఫీస్ పని మీద డల్లాస్ ఫ్లైట్ ఎక్కడం వల్లే అలా జరిగిందని మా ఆవిడ సుధ నమ్మకం. కాదని డాక్టర్ ఎంత చెప్పినా వినదు. అప్పటినుంచీ శాన్ రామన్‌లో మా ఇంట్లో పాప ఊసే లేదు. కాస్త గాలి మారుతుందని లాంగ్ వీకెండ్‌కి న్యూమెక్సికో టికెట్లు బుక్ చేశాను. తమ ఊరు భూమికి నట్టనడుమ ఉందని నమ్మే జూనీ అనే అమెరికన్ ఆదివాసుల గురించి చదివి, అదేమిటో చూడాలని నాకు సరదా కూడా.

అల్బుకర్కీలో పొద్దున్నే కార్ రెంట్‌కి తీసుకుని, ఐ-40 హైవే మీద గాలప్ దాకా వెళ్ళి దక్షిణానికి తిరిగాం. ఆగకుండా వెళితే రెండున్నర గంటల డ్రైవ్. జూనీ ఊళ్ళో ముందు విజిటర్ సెంటర్‌కి వెళ్ళి, ఫీజు కట్టి, గైడ్‌ని తీసుకోవాలి. సుధ తలనొప్పంటూ కార్‌లోనే నీడన ఉండిపోయింది.

మా గైడ్ ఒక పెద్దావిడ. ఎర్రమట్టి ఇళ్ళ మధ్య నడుస్తూ, బయటివాళ్ళకి చెప్పగలిగినంతే చెబుతానంది. జనమంతా నేల అడుగున, నాలుగు లోకాల కింద చీకట్లో ఉండేవాళ్ళట. తనకి ప్రార్థన చేసేవాళ్ళు లేక సూర్యుడు బెంగపడి, కవల కొడుకుల్ని పంపి వాళ్ళని పైకి రప్పించాడట. దేవుడికీ మనిషి తోడు కావాలన్న ఆ ఊహకి నేను ముగ్ధుణ్ణయిపోయాను.

పైకి వచ్చాక, భూమికి నడిమి చోటు వెతుక్కుంటూ వాళ్ళు ఒక నది దాటారట. నీళ్ళలో దిగగానే చంకలో పిల్లలు కప్పలుగా, తాబేళ్ళుగా మారి కరుస్తుంటే, కొందరు తల్లులు భయంతో వదిలేశారట. తర్వాత ఆ కవలలు ఆ నీళ్ళు చేరే సరస్సు అడుగుకి వెళ్ళి చూస్తే, మునిగిన పిల్లలు దేవుళ్ళయి హాయిగా ఆడుతున్నారట.

ఇది సుధ వినాలని గబుక్కున ఫోన్ తీశాను. గైడ్ ఫోన్ మీద చేయి అడ్డుపెట్టింది. ఇక్కడ రికార్డింగ్ కుదరదంది.

"మా ఆవిడ కోసమండీ. కార్‌లో ఉంది," అన్నాను.

"అయితే మీరే చెప్పండి."

నాకు నోరు పెగులుతుందా అని భయం వేసింది. అయినా కార్‌లో కూర్చుని, తడబడుతూనే మొదటినుంచీ చెప్పాను. సుధ అద్దంలోంచి బయటికే చూస్తూ వింది.

"వదిలేసినందుకు ఆ తల్లుల్ని ఎవరూ ఏమీ అనలేదా?"

"లేదు. మా కోసం ఏడవొద్దని అమ్మలకి చెప్పమని పిల్లలే కబురు పంపారట."

సుధ చాలాసేపు ఏడ్చింది. నేనూ ఏడ్చాను. తర్వాత ముక్కు తుడుచుకుని, మేం పాపకి అనుకున్న పేరు పైకి అంది. ఆద్య. పాప పోయాక ఆ పేరు మా ఇద్దరి మధ్య వినబడడం అదే మొదలు.

భూమికి నడుమ ఎక్కడుందో నాకు తెలియదు కానీ, ఆ ఊరి దేవుళ్ళకి నేను రుణపడ్డాను. మీరు వెళితే ఒక్క మాట గుర్తుంచుకోండి: అక్కడ విన్నది ఫోన్‌లో ఇంటికి రాదు. ఎవరు వినాలో వాళ్ళనే వెంట తీసుకెళ్ళండి.