నలభై ఒకటో బిళ్ళ

గని మూతపడ్డాక ఊరంతా ఖాళీ అయినా మా తాత మాత్రం కదల్లేదు. ఆయన దాన్ని పట్టుదల అంటాడు, నానమ్మ బద్ధకం అంటుంది. ఆ తరవాత బొమ్మలు గీసేవాళ్ళు వచ్చి పాడుబడిన ఇళ్ళకు రంగులు వేశారు. వాళ్ళ వెనకే ఆ ఇళ్ళూ, పాత గనీ చూడ్డానికి టూరిస్టులు వచ్చారు. తాతకు పాత ఉద్యోగమే మళ్ళీ దొరికింది. గనిలోకి దిగే ప్రతి మనిషికీ నంబరున్న ఇత్తడి బిళ్ళ ఇస్తాడు, బయటికొచ్చాక దాన్ని తీసుకుని మేకుకు తగిలిస్తాడు.

మొన్న సాయంత్రం గేటు మూసే వేళకు నలభై ఒకటో మేకు ఖాళీగా ఉంది.

"లోపలెవరూ లేరు తాతగారూ, నేనే చూసొచ్చాను," అంది బొమ్మలు గీసేవాళ్ళలో ఒకావిడ. టూరిస్టులకు గని తిప్పి చూపించేది ఆవిడే.

"నువ్వు చూస్తే సరిపోదమ్మా. మేకు ఒకడున్నాడంటోంది."

పొద్దున మోకాళ్ళ నొప్పులని నాచేత నీళ్ళు మోయించిన మనిషి, లాంతరు పట్టుకుని గనిలోకి బయల్దేరాడు. నేను టూరిస్టుల బస్సు దగ్గరికి పరిగెత్తాను. కిటికీ పక్కన ఒక పెద్దమనిషి బిళ్ళను మెడలో వేసుకుని వేరుసెనగలు తింటున్నాడు. టికెట్‌తో పాటు ఊరికే ఇచ్చారనుకున్నాడట. చెయ్యి పట్టుకుని లాక్కొచ్చాను. తాత అప్పటికి పది అడుగులు వేశాడు.

తిట్టలేదు. బిళ్ళ మేకుకు తగిలించి, ఆ పెద్దమనిషి భుజాలు తడిమి చూశాడు.

"దెబ్బలేం తగల్లేదు కదా?"

"నేను బస్సులో ఉన్నానండీ!"

"గనిలో ఉన్నావు బాబూ. ఇప్పుడే బయటపడ్డావు. ఇంటికి ఫోన్ చెయ్యి, కంగారుపడుతుంటారు."

ఆయన నిజంగానే ఫోన్ చేశాడు. అప్పుడు తాత గేటు మూశాడు.