లైన్ ఆపించిన అక్క

మొన్న మంగళవారం పొద్దుగాల మా పక్కింటి అక్క పోయింది. గుండె ఆగిందన్నరు దవాఖానల. నాచారంల మా గల్లీ దాటితే ఆమె ఎవరో ఎవలకూ తెల్వదు. అందుకే మీకు చెప్తున్న. నేనైతే ఇంకా ఆమె వాకిలి దిక్కు సూడలేకపోతున్న.

ఇద్దరం ఒకటే మందు గోలీల కంపెనీల ప్యాకింగ్ పని చేసేటోళ్లం. గాజులు, బొట్టుబిళ్ల, ముక్కుపుడక ఏవీ లోపటికి పోవద్దు. ఒకపారి పెండ్లికి పోయొచ్చి, అక్క పుడక తీసుడు మర్చిపోయింది. మాస్కు కింద ఎవలకు కనవడ్తది? అన్నానికి కూసున్నప్పుడు సూసుకుంటే పుడక ఉంది, అండ్ల రాయి లేదు.

"సప్పుడు చేయకే అక్కా! ఈ నెల నిన్ను పర్మనెంట్ చేస్తమన్నరు. రాయి ఇంట్లనే ఊడిందో ఏమో, ఎవలకెరుక?" అన్న.

"నాక్కూడ ఎరుక లేదు. గదే భయం. ఏ ముసలవ్వ నోట్లనో పడితే?" అన్నది. సీదా పోయి సూపర్‌వైజర్‌కు చెప్పింది.

లైన్ ఆపిన్రు. పొద్దటి సంది కట్టిన డబ్బాలన్నీ విప్పిచ్చిన్రు. ఇంటికి ఆలస్యమైందని ఆడోళ్లంత అక్కను నోటికొచ్చినట్టు తిట్టిన్రు. రాయి దొరకలే. పర్మనెంట్ మాట మళ్ల ఎవ్వరూ ఎత్తలే. పోయేదాక కాంట్రాక్టుల్నే ఉన్నది.

రెండు రోజులకు ఆ రాయి ఆమె ఇంట్లనే, చాప కింద దొరికింది. నేను నెత్తి కొట్టుకున్న. "ఉత్త పుణ్యానికి పోగొట్టుకున్నవ్ గదనే!"

అక్క నవ్వింది. "హమ్మయ్య, ఇయ్యాల నిద్ర పడ్తది" అన్నది. గంతే.

ఉప్పల్‌ల షేర్ ఆటో కాడ గూడ గిట్లనే. వాన దంచుతున్నా, ముందుగాల నిలబడ్డోళ్లు ఎక్కినంకనే ఎక్కేది. చెయ్యి గుంజినా రాకపోయేది. నాకు మస్తు కోపమొచ్చేది. "లోకమంత గిట్లనే ఉన్నదానే?" అంటే, "లోకాన్ని అడిగి అన్నం వండుకుంటున్ననా?" అనేది. ఇప్పుడు నన్ను గట్ల కసురుకునేటోళ్లు ఎవరున్నరు? ఏడుపు ఆగుతలేదు.

అక్కను మట్టి చేసి వచ్చినంక, ఏడ్సి ఏడ్సి ఆమె బిడ్డకు జ్వరమొచ్చింది. మూల మీది మెడికల్ షాపుల గోలీలు తెచ్చిన. ఏ కంపెనీల కట్టిన్రో, ఎవలు కట్టిన్రో. ఒకటి చింపి చేతుల పెట్టిన. పిల్ల దాని దిక్కు సూడనన్న సూడలే. నోట్లె ఏసుకొని, నీళ్లు తాగి, నా ఒళ్లె తల పెట్టి కండ్లు మూసుకుంది.