రెండో కల్వర్టు అని రాశాను

నాకు అనుమానం ఎక్కువ. ఈ మాట ఇప్పుడు ఒప్పుకుంటున్నాను గానీ, కర్నూలులో డిగ్రీ పిల్లలకు భూగర్భశాస్త్రం చెప్పే రోజుల్లో దాన్ని జాగ్రత్త అనేవాణ్ణి. నా నోట్సు బీరువాలో, బీరువా తాళంచెవి నా జేబులో. స్టాఫ్ రూములో ఎవరైనా "ఏం సార్, ఈసారి పిల్లల్ని యాడికి తీసకపోతాండారు?" అని మామూలుగా అడిగినా, వీడికెందుకు ఆ సంగతి అనుకునేవాణ్ణి. ఏదో ఒక ఊరి పేరు చెప్పి ఇంకో ఊరికి వెళ్లేవాణ్ణి.

ఇంటర్నెట్ సెంటర్లు మా వీధిలోకి కూడా వచ్చేసిన రోజులవి. మాలాంటి టీచర్లే కొందరు కలిసి రాళ్ల పాఠాలకు ఒక వెబ్‌సైటు పెట్టారు. ఎక్కడ ఏ రాళ్లున్నాయి, పిల్లలకు అక్కడ ఏం చూపించాలి అన్నది ఎవరికి తెలిసింది వాళ్లు రాయాలి, అందరూ వాడుకోవాలి. ఎవరు రాసినదాన్నైనా ఇంకో టీచరు సరిదిద్దవచ్చు. రాసినవాళ్లకు ఏడాదికోసారి ఈమెయిల్లో ఉత్తరం వస్తుంది: మీ పేజీ ఇప్పటికీ సరిగ్గానే ఉందా, చూసి చెప్పండి అని. సరిచూశాను అని నొక్కితే పేజీ కింద కొత్త తేదీ పడుతుంది.

ఊరికే ఇంత పని ఎవరు చేస్తారు? దీని వెనక ఎవరో ఉన్నారనుకున్నాను. కానీ మా ప్రిన్సిపాల్ కాలేజీకి పేరొస్తుందని వెంటపడ్డాడు. రాయక తప్పలేదు.

నా దగ్గర చెప్పుకోదగ్గది ఒకటే ఉంది. జమ్మలమడుగు దాటి గండికోట వైపు పోతుంటే నాలుగో కల్వర్టు దగ్గర దిగి, కుడిపక్క వంకలో కాసేపు నడిస్తే కొన్ని రాళ్లు కనిపిస్తాయి. ఎర్రగడ్డను, అదే ఉల్లిపాయను, అడ్డంగా కోసినట్టు వాటి నిండా గుండ్రాలు. నూరు కోట్ల ఏళ్లకు ముందు అక్కడ సముద్రం ఉన్నప్పుడు నీళ్లలో పెరిగిన పాచి పొరలవి. ఈ నేల మీద ప్రాణం ఉందని చెప్పే గుర్తుల్లో అంత పాతవి చాలా తక్కువ. పిల్లలు వాటి మీద చెయ్యి పెట్టి గుండ్రాల వెంట వేలు తిప్పేవాళ్లు. ఆ చోటు నేనే కనిపెట్టానని నాకు గర్వం.

ఆ చుట్టుపక్కలంతా నాపరాళ్లు తీసేవాళ్లు. ఇళ్లలో నేల మీద పరిచే బండల కోసం చేలకు చేలే తవ్వేస్తున్నారు. ఈ పేజీ ఏ బండల వ్యాపారి కంట్లోనో పడితే? ఏ బెంగళూరు మనిషో జీపేసుకుని వచ్చి, కోసి ఎత్తుకుపోయి, హాల్లో బల్ల చేయించుకుంటే? అందుకని పాఠమంతా ఉన్నది ఉన్నట్టు రాశాను. దారి మాత్రం రెండో కల్వర్టు, ఎడమపక్క అని రాశాను. ఎంత తెలివైనవాణ్ణో అనుకుని ఆ పూట హాయిగా భోంచేశాను.

ఏడాదికోసారి ఉత్తరం వచ్చేది. సరిచూశాను అని నొక్కేవాణ్ణి. మూడేళ్లు నొక్కాను.

మూడో ఏడు కడప నుంచి ఒక మేడం రాసింది. ఆడపిల్లల కాలేజీలో చెబుతుందట. మీ పేజీ చాలా బాగుంది సార్, మా పిల్లల్ని తీసుకుపోవాలనుకుంటున్నాం, రాళ్లు ఎంతమేర ఉన్నాయి, ఇప్పటికీ ఉన్నాయా అని అడిగింది. ఎంతమేర ఉన్నాయని ఎందుకడుగుతోంది? టీచరో కాదో ఎవరికి తెలుసు? ఆ ఉత్తరాన్ని నాలుగుసార్లు చదివి, అంతా పేజీలో ఉన్నట్టే ఉంది అని ఒక్క ముక్క జవాబిచ్చాను.

నెల తర్వాత చూస్తే నా పేజీ మారిపోయి ఉంది. పైనే ఎర్ర అక్షరాలతో ఇలా ఉంది: "ఈ రాళ్లు ఇప్పుడు లేవు. పక్క చేలో బండలు తీసేవాళ్లు పగలగొట్టినట్టుంది. విద్యార్థులను తీసుకురావద్దు." ఆ మేడం నన్ను ఎగతాళి చేస్తోందా అని మొదట ఒళ్లు మండింది. తర్వాత నెమ్మదిగా అర్థమైంది. ఆమె ఎండలో పిల్లలతో వంకంతా వెతికింది. ఏమీ దొరకలేదు. అయినా నేను తప్పు రాసి ఉంటానన్న ఆలోచనే ఆమెకు రాలేదు.

సిగ్గుపడ్డానా అంటే, లేదు. సంతోషపడ్డాను. ఇక ఎవరూ రారు కదా.

ఆ సంతోషం పది రోజులు కూడా నిలవలేదు. కాలేజీకి ఫోనొచ్చింది. మేడమే. పిల్లలందరి చేత సంతకాలు పెట్టించి తహసీల్దారుకు అర్జీ ఇచ్చారట. ఆఫీసు మనుషులు వచ్చి, పక్క చేలో బండలు తీసే రైతు చేత పని ఆపించి, గడ్డపారలు, సమ్మెటలు పట్టుకుపోయారట. "ఆ రాళ్లు అక్కడ ఉండేవని మీరొచ్చి రాసిస్తే కేసు గట్టిగా ఉంటుంది సార్. రేపు మైదుకూరు బస్టాండుకు రాగలరా? నేనూ అక్కడికే వస్తాను" అంది.

వెళ్లకపోతే నన్ను అనుమానిస్తుందని వెళ్లాను. నిజంగా అందుకే వెళ్లాను.

మైదుకూరులో కలిశాం. చిన్న మనిషి, చేతిలో టిఫిన్ క్యారియరు. నా కోసం కూడా పులిహోర తెచ్చింది. నేను ఆమె కళ్లలోకి చూడకుండా తిన్నాను. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు మీదుగా బస్సులు మారి రెండో కల్వర్టు దగ్గర దిగేసరికి మధ్యాహ్నమైంది.

ఆ రైతు తన చేలోనే ఉన్నాడు. నా వయసే ఉంటుంది. సగం లేపిన బండ ఒకటి అట్లాగే ఉంది, అతను దాని పక్కన ఊరికే కూర్చున్నాడు. మమ్మల్ని చూసి లేచాడు.

"నేను పగలగొట్టింటే ముక్కలన్నా ఉండాల గదా సార్. యాడుండాయి, చూపీ. సామాన్లు తీసకపోయి పన్నెండు దినాలాయ. చేతులు ముడుచుకోని కూచున్న్యా. ఇంట్లో ఏం వండాలని నా పెండ్లాం అడుగుతాంది."

మేడం గొంతు పెంచింది. "సార్ ఇన్నేండ్లుగా పిల్లల్ని తెచ్చి చూపిస్తాండే రాళ్లప్పా. లేనిది రాస్తారా?"

ఇద్దరూ నా వైపు చూశారు.

"ఇక్కడ లేవు," అన్నాను. "ఇక్కడ ఎప్పుడూ లేవు. నాలుగో కల్వర్టు దగ్గరున్నాయి. నేనే మార్చి రాశాను."

నేను ముందు, వాళ్లు వెనక, ఎండలో రోడ్డెంట నడిచాం. నాలుగో కల్వర్టు దిగి వంకలోకి తీసుకువెళ్లి చూపించాను. గుండ్రాలు గుండ్రాలుగా, ఎప్పుడూ ఉన్నట్టే ఉన్నాయి. మేడం మోకాళ్ల మీద కూర్చుని ఒకదాన్ని తడిమింది. నా వైపు తిరగలేదు.

రైతు ఆ రాతిని కాలితో తట్టి చూశాడు.

"ఇదా? ఇది మాకు తెలీందా? దీనికి పొర లేవదు సార్. కొడితే పెళ్లలు పెళ్లలుగా రాల్తాది. బండకు పనికిరాదు, గోడకు పనికిరాదు. మా నాయన కాలం నుంచి దీన్ని ఎవురూ ముట్టుకోరు. నీకు తెల్దా ఈ సంగతి, రాళ్ల సదువు సెప్తావంటనే?"

తెలియదు. ఇన్నేళ్లలో ఆ చేలల్లో రాయి కొట్టే ఒక్క మనిషిని కూడా నేను ఏమీ అడగలేదు. అడిగితే వాళ్లకు తెలిసిపోతుందని భయం.

తహసీల్దారు ఆఫీసులో ఉన్నదంతా రాసిచ్చాను. గుమస్తా చదివి నన్ను ఎగాదిగా చూశాడు. రైతు తన సమ్మెటలు ఒక్కొక్కటే తిప్పి చూసుకుని ఆటోలో వేసుకున్నాడు. నన్ను తిట్టి ఉంటే కొంచెం తేలిగ్గా ఉండేది.

జమ్మలమడుగులోనే ఒక ఇంటర్నెట్ సెంటర్లో కూర్చుని పేజీ తెరిచాను. మేడం నా కుర్చీ వెనక నిలబడింది. ఎర్ర అక్షరాలు తీసేశాను. నాలుగో కల్వర్టు, కుడిపక్క అని రాశాను. ఈ రాయి బండకు పనికిరాదని ఆ రైతు చెప్పిన మాట కూడా చేర్చాను. కింద, ఎందుకు మార్చారు అని అడిగే చోట, "మొదట రాసిన దారి పొరపాటు" అని కొట్టాను.

"పొరపాటు కాదు గదా సార్," అంది మేడం, నెమ్మదిగానే. "మా పిల్లలు ఆ రైతు మీద సంతకాలు పెట్టినారు. వాళ్లు ఇది చదువుతారు."

ఆ మాట తుడిపేసి, కావాలనే అబద్ధం రాశాను అని కొట్టి, కింద నా పేరు పెట్టాను.